ఇంత ఖాళీ నేల ఉన్న తీరంలో అద్దె ఇల్లు ఎందుకు దొరకదు?

తీరవాసి:
మా ఆవిడకు సముద్ర పరిశోధనలో ఉద్యోగం రావడంతో అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ రాష్ట్రంలో, న్యూపోర్ట్ అనే ఊరికి వచ్చాం. లింకన్ కౌంటీ మొత్తం కనుచూపు మేర అడవే. తీరం వెంబడి మాత్రం వరుసగా ఇళ్లు, చలికాలంలో వాటిలో చాలావాటిలో దీపం వెలగదు. మేమున్న ఇంటిని పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇచ్చుకుంటానని యజమాని నోటీసు ఇచ్చాడు. కొత్త ఇల్లు వెతికితే కొండల అవతల కార్వాలిస్ వైపే కనిపిస్తున్నాయి. ఆవిడ పనిచేసే చోట ఒకరిద్దరు ఇల్లు దొరకక ఉద్యోగమే వద్దనుకున్నారట. సమావేశాల్లో మాత్రం అందరూ ఆర్థికాభివృద్ధి గురించే మాట్లాడతారు. నేల ఉంది, పని ఉంది. కట్టడానికి అడ్డేమిటి?

నక్షాల నరుడు:
తీరవాసి గారూ, నేను ఇదే రాష్ట్రంలో, మరో తీర కౌంటీలోని చిన్న ఊరి ప్రణాళిక విభాగంలో పనిచేస్తాను. మీకు కనిపించే నేలలో చాలా భాగం ఇళ్లకు పనికిరాదు. 1973లో గవర్నర్ టామ్ మెకాల్ సంతకం చేసిన సెనేట్ బిల్లు 100 వల్ల ప్రతి ఊరికీ ఒక వృద్ధి సరిహద్దు ఏర్పడింది. రాబోయే 20 ఏళ్ల అవసరాలకు తగిన నేల దాని లోపల ఉండాలి. బయటిది ప్రధానంగా సాగుకు, అడవికి. ఈ చట్టాన్ని తిట్టడానికే నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. నేను దాని పక్షమే. అది లేకుంటే ఆ అడవి ఎప్పుడో ప్లాట్లయ్యేది, వాటిలోనూ దీపం వెలగని ఇళ్లే లేచేవి.

అసలు చిక్కు సరిహద్దు లోపలే. సముద్రం వైపు ఇసుక దిబ్బలు, జారే కొండ అంచులు. న్యూపోర్ట్‌లోని జంప్ ఆఫ్ జో దగ్గర 1942లో నేల జారి ఇళ్లు పోయాయి. అయినా 1980లలో అక్కడే అపార్టుమెంట్లు మొదలుపెట్టారు, పూర్తికాకముందే పునాదులు కదిలాయి. పల్లంలో సునామీ ముప్పు ఉంది. 1700 జనవరి 26 నాటి కాస్కేడియా భూకంపం ఆనవాళ్లు ఈ తీరపు మట్టి పొరల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఇక మిగిలింది వాలు కొండ. అక్కడికి రోడ్డు, మంచినీరు, మురుగు గొట్టాలు తీసుకెళ్లే ఖర్చు మొదటి ఇల్లు అమ్మకముందే పెట్టాలి. బిల్డరు లెక్క వేసుకుని పోర్ట్‌లాండ్ తిరిగి వెళ్లిపోతాడు.

నీళ్ల సంగతి మరీ ఘోరం. న్యూపోర్ట్ నీరు బిగ్ క్రీక్ అనే వాగు మీది రెండు మట్టి ఆనకట్టల నుంచి వస్తుంది. భూకంపం వస్తే అవి నిలవడం కష్టమని ఇంజినీర్లు తేల్చారు. ఆ నీటి మీదే చేపల శుద్ధి కర్మాగారాలూ ఆధారపడ్డాయి. ఇళ్ల ప్రణాళిక అంటే నక్షాలు గీయడం అనుకుంటారు గానీ, మా సమావేశాల్లో సగం కాలం గొట్టాలకే పోతుంది.

ఇసుకమేడ:
నాకు లింకన్ సిటీలో ఒక ఇల్లుంది, రోజువారీ అద్దెకే ఇస్తాను. ఇళ్లు దొరక్కపోతే అందరి వేళ్లూ మా వైపే. ఊరి దుకాణాలు, హోటళ్లు ఎవరి మీద నడుస్తున్నాయి? పర్యాటకుల అద్దె మీద మేము బస పన్ను కడుతున్నాం. దానితో కట్టించమనండి ఇళ్లు.

నక్షాల నరుడు:
ముడి అక్కడే పడిందండి. కొత్తగా వేసే, పెంచే బస పన్నులో కనీసం 70 శాతం పర్యాటక ప్రచారానికి, సదుపాయాలకే వాడాలని 2003లో చట్టం చేశారు. మీ ఇల్లు ఊడ్చే మనిషికి గూడు కల్పించడానికి ఆ వాటా ముట్టకూడదు. మీ ఇంటికి మరింతమందిని రప్పించే ప్రకటనకు మాత్రం వాడవచ్చు!

2021 నవంబరులో లింకన్ కౌంటీ ఓటర్లు, నగరాల బయటి నివాస ప్రాంతాల్లో ఇలాంటి అద్దెలను ఐదేళ్లలో ఆపాలని ఓటు వేశారు. 2022లో రాష్ట్ర భూవినియోగ అప్పీళ్ల బోర్డు దాన్ని కొట్టేసింది. నిజం చెప్పాలంటే అలలు కనిపించే మీ ఇల్లు రేపు ఖాళీ అయినా నర్సు జీతానికి అందదు. నేనైతే ఆ వరుసను వదిలేసి, తీరం వెంబడి సాగే హైవేకు తూర్పున, అంటే సముద్రానికి అవతలి వైపు ఉన్న మామూలు మూడు గదుల ఇళ్లలో రోజువారీ అద్దెలను కట్టడి చేస్తాను. బడి టీచరు, పడవ పనివాడు ఉండగలిగేవి అవే.

ఇసుకమేడ:
నా ఇల్లు పడమటి వైపే. అయినా మీ మాట మా సంఘంలో ఎవరికీ నచ్చదు.

తీరవాసి:
నాకు నచ్చింది. కానీ మాకు వచ్చే నెలకల్లా ఇల్లు కావాలి.

నక్షాల నరుడు:
అయితే టొలెడోలో చూడండి. కాగితపు మిల్లు ఊరు, తీరానికి కొంచెం లోపల ఉంటుంది. సముద్రం కనిపించదు కాబట్టి పర్యాటకుల తాకిడి తక్కువ. పెరట్లో చిన్న రెండో ఇల్లు కట్టుకున్న పెద్దవాళ్లు ఉంటారు. 2017 చట్టం తర్వాత 2,500 జనాభా దాటిన ఊళ్లు అలాంటి ఇళ్లను అనుమతించక తప్పదు. ప్రకటనలు ఇవ్వరు, నోటి మాటగానే అద్దెకిస్తారు. గ్రంథాలయం నోటీసు బోర్డు, చర్చి వాళ్లు, మిల్లులో పనిచేసేవాళ్లు, అందరినీ అడగండి.

తీరవాసి:
శనివారం వెళ్తున్నాం. మిల్లు వాసన భరించగలమా అని ఆవిడ అడుగుతోంది.

నక్షాల నరుడు:
గాలిని బట్టి ఉంటుంది. అగ్రిమెంటు రాసుకునే ముందు ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం ఆ వీధిలో నిలబడి చూడండి.