కాలేజీ ఎర్లీ డెసిషన్ (ఈడీ)లో డిఫర్ అయింది, కోచ్ పలకట్లేదు. స్విమ్మర్ పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా చెప్పగలరా?

ఈతపిల్ల వాళ్లమ్మ (కేరీ, నార్త్ కెరొలైనా):

అందరికీ నమస్తే. మా పెద్దమ్మాయి ఇప్పుడు హైస్కూల్ సీనియర్, అంటే పన్నెండో క్లాసు. చిన్నప్పటి నుంచీ క్లబ్‌లో ఈదుతోంది, బ్రెస్ట్‌స్ట్రోక్ తన ఈవెంటు. 100 గజాలు 1:05.9. కాలేజీ ఆటల్లో పై స్థాయి డివిజన్-1. ఆ టైముతో అక్కడి పెద్ద టీములు పిలవవని మాకు తెలుసు కాబట్టి మొదటి నుంచీ కింది స్థాయి డివిజన్-3 కాలేజీలే చూసుకున్నాం.

ఈశాన్యంలో ఒక చిన్న కాలేజీ కోచ్‌కి ఈ పిల్ల బాగా నచ్చింది. జులైలో ప్రీ-రీడ్ అన్నాడు, అంటే అప్లికేషన్ వేయకముందే అడ్మిషన్స్ వాళ్లు మార్కులు చూసి అభిప్రాయం చెప్పడం. ట్రాన్స్‌క్రిప్టు, శాట్ స్కోరు, సీనియర్ ఇయర్ కోర్సుల లిస్టు పంపించాం. "అడ్మిషన్స్ వాళ్లు ఓకే అన్నారు, ఎర్లీ డెసిషన్ వేస్తే నా సపోర్ట్ ఉంటుంది" అన్నాడు. సీటొస్తే అక్కడే చేరతామని ముందే ఒప్పుకుని వేసేది అది. సెప్టెంబర్‌లో క్యాంపస్‌కి పిలిచారు, టీమ్ పిల్లల డార్మ్‌లోనే పడుకుని వచ్చింది. వచ్చే ఏడాది చేరబోయే వాళ్లందరికీ ఒక గ్రూప్ చాట్ పెట్టి దీన్నీ చేర్చారు. తనతో మాట్లాడుతున్న ఇంకో ఇద్దరు కోచ్‌లకి "వేరేచోట వేస్తున్నాను, థాంక్స్" అని మెయిల్ రాసేసింది. అలా రాయడమే పద్ధతి అని క్లబ్ కోచ్ కూడా చెప్పాడు.

మొన్న శుక్రవారం సాయంత్రం కాలేజీ పోర్టల్ తెరిస్తే డిఫర్డ్, అంటే నిర్ణయం వాయిదా. మార్చి ఆఖర్లో, మామూలు గడువుకి (రెగ్యులర్) వేసిన వాళ్లతో పాటు చెప్తారట. కోచ్ ఒక్క లైను మెసేజ్ పెట్టాడు, "నేనూ ఊహించలేదు, త్వరలో మాట్లాడదాం" అని. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

మావారు 90ల్లో ఎంసెట్ రాసిన మనిషి. ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు, అక్కడితో సరి. "ఎన్ని మార్కులు తగ్గాయో చెప్పకుండా మూడు నెలలు ఆగమంటారేంటి, నేనే ఫోన్ చేసి అడుగుతా" అని రోజూ లేస్తున్నారు. తెనాలిలో మా అత్తగారు కోచ్ మాట నమ్మి వీధిలో అందరికీ సీటు వచ్చేసిందని చెప్పేశారు. వీడియో కాల్ వస్తే పిల్ల మేడ మీదికి వెళ్లిపోతోంది. పొద్దున ఐదింటి ప్రాక్టీస్‌కి లేవడం మానేసింది. అన్నిటికంటే నాకు బాధ ఆ గ్రూప్ చాట్. అడ్మిట్ అయిన పిల్లలు కాలేజీ స్వెట్‌షర్ట్ వేసుకుని ఫోటోలు పెడుతున్నారు. మా పిల్ల ఆ గ్రూప్‌లోంచి బయటికి రాలేదు, లోపల ఉండి మాట్లాడనూ లేదు.

కోచ్‌ని ఎవరు అడగాలి, ఏమని అడగాలి? ఈడీ2, అంటే రెండో విడత ఎర్లీ డెసిషన్, డెడ్‌లైన్లు జనవరి మొదట్లోనే. వేరే కాలేజీకి వేయించాలా, దీన్నే పట్టుకుని కూర్చోవాలా? ఇలాంటప్పుడు మీ ఇళ్లలో ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

పరుగుల నాన్న (న్యూజెర్సీ):

అమ్మా, మావాడు క్రాస్ కంట్రీ. వాడికీ సరిగ్గా ఇదే జరిగింది, అదీ డివిజన్-3 లోనే. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు మీ వారి చేతిలోంచి ఫోన్ తీసుకోండి. కోచ్‌తో తండ్రి మాట్లాడితే ఆయన మర్యాదగా నాలుగు ముక్కలు చెప్పి పెట్టేస్తాడు. పిల్ల మాట్లాడితే నిజం చెప్పే అవకాశం ఎక్కువ. మెసేజ్‌లొద్దు. "ఈ వారంలో పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా" అని టైము అడిగించండి.

సపోర్ట్ అన్న మాట కోచ్‌లందరూ వాడతారు, అందరి దగ్గరా దాని బరువు ఒకటి కాదు. కొన్ని కాలేజీల్లో కోచ్‌కి ఏటా ఇన్ని పేర్లని ఒక కోటా ఉంటుంది. ఆ లిస్టులో పేరుంటే గట్టి భరోసా. మిగతా వాళ్ల గురించి అడ్మిషన్స్‌కి ఒక మంచి మాట చెప్తాడు, అంతే. ఎంఐటీ లాంటి చోట అసలు కోటానే లేదు, మంచి మాట చెప్పడం ఒక్కటే కోచ్ చేతిలో ఉంటుంది. ప్రీ-రీడ్‌లో ఓకే రావడమూ సీటు కాదు. జులైలో వాళ్లు చూసింది జూనియర్ ఇయర్ (పదకొండో క్లాసు) దాకా ఉన్న మార్కులు. నవంబర్‌లో చూసింది వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు, ఆ ఏడు వచ్చిన మిగతా పిల్లలతో కలిపి.

అందుకని మీ అమ్మాయి సూటిగా అడగాలి: మీరు అడ్మిషన్స్‌కి ఇచ్చిన లిస్టులో నా పేరు ఉందా? రెగ్యులర్‌లోనూ నా కోసం మాట్లాడతారా, అప్పటికి మీ మాట ఎంతవరకు చెల్లుతుంది? వాళ్లు దేనికోసం ఆగారు, సెమిస్టర్ మార్కుల కోసమా? ఇప్పటికే ఎంతమంది బ్రెస్ట్‌స్ట్రోకర్లు అడ్మిట్ అయ్యారు? ఈ చివరిది అడగడానికి పిల్లలు మొహమాటపడతారు. అడగాలి.

ఇంకో సంగతి. 2025 జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్‌కి (కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో కుదిరిన రాజీ) కోర్టు ఆమోదం వచ్చాక, అందులో చేరిన డివిజన్-1 కాలేజీల్లో స్విమ్మింగ్ టీముకి 30 మందే అని పరిమితి పెట్టారు. అక్కడ చోటు దొరకని పిల్లలు కింది డివిజన్ల వైపు చూస్తున్నారు, డివిజన్-3 కోచ్‌లకి ఎంచుకోడానికి జనం పెరిగారు. ఇది నా అంచనా మాత్రమే. కానీ మీ పిల్ల టైములో లోపం లేదని చెప్పడానికి రాస్తున్నాను.

ఈడీలో డిఫర్ అయితే ఆ ఒప్పందం తీరిపోయినట్టే, ఇంకోచోట ఈడీ2 వేసుకోవచ్చు. మీ అమ్మాయి వద్దనుకున్న ఆ ఇద్దరు కోచ్‌లకి ఇవాళే రాయించండి: డిఫర్ అయ్యాను, మీ దగ్గర ఇంకా చోటుందా, ఇవి నా టైములు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, డిసెంబర్‌లో వాళ్లకి ఇలాంటి మెయిల్స్ మామూలే. మావాడు అలాగే వేరే కాలేజీకి వెళ్లాడు. మొదటి ఏడాది మోకాలి దెబ్బతో సగం రోజులు పరిగెత్తనే లేదు, ఆ సంగతి వేరు.

ఇంట్లో అంటారా, మేం కాలేజీ మాట ఆదివారం రాత్రి భోజనం దగ్గర తప్ప ఎత్తకూడదని పెట్టుకున్నాం. మొదటి వారం నేనే తప్పించుకోడానికి చూశాను, మా ఆవిడ ఊరుకోలేదు. ఇండియా ఫోన్లకి "ఏప్రిల్‌లో చెప్తాం" అని ఒకటే జవాబు.

లేన్ ఫోర్ (పెన్సిల్వేనియా):

ఆంటీ, నేను కాలేజ్ జూనియర్‌ని, డివిజన్-3 లో స్విమ్ చేస్తున్నాను, 200 ఫ్రీస్టైల్. నాకు డిఫరల్ రాలేదు కానీ మా రూమ్‌మేట్‌కి వచ్చింది, రెగ్యులర్‌లో అడ్మిట్ అయింది.

గ్రూప్ చాట్ గురించి. ప్లీజ్, బయటికి వచ్చేయమని మీరు చెప్పకండి, ఉండమనీ చెప్పకండి. మ్యూట్ చేసుకుంటుంది. ఆ గ్రూప్‌లో ఎవరో ఒక్కరు తనకి విడిగా మెసేజ్ పెట్టే ఉంటారు, మా దగ్గర అలాగే జరిగింది.

పొద్దున ప్రాక్టీస్ కొన్నాళ్లు పోనివ్వండి, సాయంత్రానిది మాత్రం పోనివ్వొద్దు. హైస్కూల్ సీజన్ ఇప్పుడే కదా, ఫిబ్రవరిలో స్టేట్ మీట్. అక్కడ టేపర్ (మీట్‌కి ముందు ప్రాక్టీస్ తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వడం) తర్వాత 1:05 లోపు వస్తే అది కాలేజీకి పంపగలిగే కొత్త సంగతి. కంటిన్యూడ్ ఇంటరెస్ట్ లెటర్ (ఇంకా మీ కాలేజీయే కావాలని రాసే ఉత్తరం) ఇప్పుడు ఏడుస్తూ రాయకుండా సెమిస్టర్ మార్కులు వచ్చాక ఒక పేజీ రాయమనండి. ముందు పోర్టల్ చదవాలి, కొన్ని కాలేజీలు లెటర్ వద్దని రాస్తాయి, కొన్ని వాళ్ల ఫారమ్‌లోనే రాయమంటాయి.

కార్లో ఇద్దరే ఉన్నప్పుడు ఏ ప్రశ్నా అడక్కండి ఆంటీ. తప్పించుకోడానికి చోటుండదు. మా అమ్మ రోజూ అక్కడే అడిగేది :)

అట్లాంటా మామయ్య:

అందరూ కోచ్ గురించే మాట్లాడుతున్నారు. డబ్బు మాట నేను ఎత్తుతాను, తిట్టుకోండి. డివిజన్-3 లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. అవసరాన్ని బట్టి ఇచ్చేదీ, చదువుని బట్టి ఇచ్చేదీ ఉంటాయి, అంతే. ఈశాన్యంలో ఆ చిన్న కాలేజీలు చాలావరకు ఏడాదికి 80 వేల డాలర్లు దాటాయి. మనలాంటి ఐటీ జీతాల ఇళ్లకి అవసరం కింద వచ్చేది తక్కువ. ఈడీ2 వేశాక సీటొస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి, ఏ కాలేజీ ఎంత ఇస్తుందో పోల్చుకునే వీలుండదు. సంక్రాంతి బేరంలో ఒక్క కొట్టుకే వెళ్లి జేబు చూపించినట్టు. వేసేముందు ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో (సాయం పోను మీకు ఎంత పడుతుందో అంచనా చూపించేది) మీ లెక్కలు వేసి చూడండి.

మీ స్టేట్ యూనివర్సిటీని చిన్నచూపు చూడొద్దు. పెద్ద యూనివర్సిటీల్లో చాలాచోట్ల పిల్లలే నడుపుకునే స్విమ్ క్లబ్బులుంటాయి, వేరే ఊళ్లకి మీట్లకి కూడా వెళ్తారు. కోచ్ దయ అక్కర్లేదు.

ఈతపిల్ల వాళ్లమ్మ:

అందరికీ చాలా థాంక్స్. మామయ్యగారూ, తిట్టుకోలేదు, మావారు మీ పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు.

ఫోన్ అయింది. పిల్లే చేసింది, తలుపేసుకుని. బయటికొచ్చి చెప్పిన దాని ప్రకారం: కోటా లిస్టులో దీని పేరు లేదు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో దీనికంటే వేగంగా ఉన్న ఇద్దరు అడ్మిట్ అయ్యారు. క్యాల్కులస్ మార్కు చూడాలని అడ్మిషన్స్ వాళ్లు ఆగారట. రెగ్యులర్‌లో మళ్లీ చెప్తానన్నాడు, కానీ "అప్పుడు నా మాటకి పెద్దగా బలం ఉండదు" అని తనే ఒప్పుకున్నాడు. ఈ మాట జులైలోనే చెప్పి ఉండొచ్చు కదా అని నాకు కోపం. పిల్లకి మాత్రం ఆశ్చర్యంగా కోపం లేదు, "కనీసం ఇప్పుడు తెలిసింది" అంది. ఆ రాత్రి పెసరట్లు ఆపకుండా తింది.

మా పిల్ల వద్దనుకున్న ఇద్దరు కోచ్‌లలో ఒకాయన సాయంత్రానికే జవాబిచ్చాడు. ఇప్పటి మార్కులు పంపితే మళ్లీ ప్రీ-రీడ్ చేయిస్తానన్నాడు. ఈసారి "మీ లిస్టులో ఉంటానా" అని మొదటి మెయిల్‌లోనే అడిగింది. ఇంకా దానికి జవాబు రాలేదు. మావారు క్యాలిక్యులేటర్ ముందు కూర్చున్నారు, ఆ పనిలో పడ్డాక ఫోన్ చేస్తానన్న గొడవ తగ్గింది.

ఇప్పుడు కొత్త భయం. ఈ శుక్రవారం నుంచి స్కూల్ సెలవులు. ఈడీ2 కి స్కూల్ కౌన్సెలర్ చేయాల్సింది ఏమైనా ఉందా?

పరుగుల నాన్న (న్యూజెర్సీ):

ఉంది. ఈడీ ఒప్పందం మీద పిల్ల, మీలో ఒకరు, కౌన్సెలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. మొదటి కాలేజీకి పెట్టింది దీనికి పనికిరాదు. ఇంకా నిర్ణయించుకోకపోయినా సరే, రేపు పొద్దున్నే కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టించి, సెలవుల్లో ఆన్‌లైన్‌లో సంతకం పెడతారా లేదా ఇప్పుడే కనుక్కోండి. డిఫర్ అయిన కాలేజీకి మిడ్-ఇయర్ రిపోర్ట్ (మొదటి సెమిస్టర్ మార్కులు) పంపాలని కూడా అదే మెయిల్‌లో రాయమనండి. మా వాడి స్కూల్లో సెలవుల్లో ఒక్కరూ మెయిల్ చూడలేదు.