డ్యూమా: అమ్మ పేరా, తోట పేరా?

పుస్తకప్రియుడు:
‘త్రీ మస్కటీర్స్’ రాసిన ఫ్రెంచి నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమాకు ఆ ఇంటిపేరు తాతగారి వంశం నుంచి రాలేదు. తాతగారు ప్రభువు, ఆయన వంశం డావీ ద లా పైయెత్రీ. నానమ్మ మేరీ సెసెట్ నేటి హైతీలో ఆయనకు బానిస. వారి కొడుకు థామస్ అలెగ్జాండర్ 1786లో మామూలు సిపాయిగా చేరుతుంటే, తన వంశం పేరు అంత చిన్న కొలువులో వినబడకూడదన్నాడు తండ్రి. కొడుకు తల్లి పేరైన ‘డ్యూమా’ అని రాయించుకున్నాడు. ఏడేళ్లలో జనరల్ అయ్యాడు. నాకు ఇది ఆ తల్లికి దక్కిన గౌరవంగా కనిపిస్తుంది. మీరేమంటారు?

చరిత్ర విద్యార్థి:
అంత త్వరగా తేల్చకండి. దక్షిణ ఫ్రాన్సులో ‘మా’ అంటే పొలంలో కట్టుకున్న ఇల్లు. డ్యూమా అంటే ఆ ఇంటికి చెందినవారు. అక్కడ అది చాలామందికి ఉన్న ఇంటిపేరే. 1735 నుంచి 1741 దాకా పుదుచ్చేరి గవర్నరు బెన్వా డ్యూమా. ఈఫిల్ టవరు మీద పేరు చెక్కి ఉన్న రసాయన శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ డ్యూమా. 1984లో ఫ్రాన్సు విదేశాంగ మంత్రి అయినది రోలాన్ డ్యూమా. మేరీ సెసెట్ విషయంలో మాత్రం అది, బానిసలు పనిచేసే ‘తోటకు చెందిన మనిషి’ అనే గుర్తు కావచ్చని కొందరి వాదన. యజమాని వేసిన ముద్రను అమ్మ పేరని మురిసిపోతున్నామేమో ఆలోచించండి.

గోదావరి గట్టు:
ముద్రే అనుకుందాం. ఫ్రాన్సుకు ఓడ ఖర్చుల కోసం ఆ తండ్రి సొంత కొడుకునే, తర్వాత విడిపించుకునే షరతు మీద అమ్మాడు. విడిపించాడు కూడా, కానీ అమ్మిన మాట నిజం. అలాంటివాడి పేరు వదిలి బానిస తల్లి పేరుతో సైన్యాన్ని నడిపించడం చిన్న విషయమా? గౌతమీపుత్ర శాతకర్ణి అని చదువుకున్న మనకు ఇది అర్థం కావాలి.

చరిత్ర విద్యార్థి:
ఆ పోలిక నిలవదండి. గౌతమి అన్నది ఆమె పుట్టింటి గోత్రాన్ని చెప్పే పేరు. అది కూడా తండ్రి వైపు నుంచి వచ్చిందే. ఇక మూడో తరం చూడండి. నవలాకారుడి కొడుకు 1824లో ఒక కుట్టుపని చేసుకునే స్త్రీకి పుట్టాడు. 1831లో తండ్రి చట్టప్రకారం తన బిడ్డ అని ఒప్పుకొని, తల్లి దగ్గరి నుంచి తీసుకుపోయాడు. ఒక తల్లిని నిలిపిందని మీరంటున్న పేరే ఇంకో తల్లి ఒడి ఖాళీ చేసింది.

పుస్తకప్రియుడు:
ఆ మాట నన్ను కలచివేసింది. అయినా ఒకటి అడుగుతాను. 1814లో ఫ్రాన్సులో రాజరికం తిరిగి వచ్చింది. ప్రభువుల పేరు పెట్టుకుంటే దారులు తెరుచుకునే రోజులు. ఏ పేరు కావాలని తల్లి అడిగితే, అప్పటికి పన్నెండేళ్ల పిల్లవాడైన నవలాకారుడు డ్యూమానే కోరుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. 2002లో ఆయన అస్థికలు పారిస్‌లో ఫ్రాన్సు మహనీయుల సమాధి మందిరమైన పాంథియాన్ చేరింది కూడా ఆ పేరుతోనే. అది తోట ముద్ర అయితే ఆ పిల్లవాడు దేన్ని కోరుకున్నట్టు?

చరిత్ర విద్యార్థి:
తన తండ్రిని కోరుకున్నాడు. ఆ జనరల్ చనిపోయేటప్పటికి పిల్లవాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు. నానమ్మను అతను ఎన్నడూ చూడలేదు.