అప్‌డేట్: ఆ పాత రాక్ బ్యాండ్ షోకి వెళ్లొచ్చాను

ఒకప్పుడు ఊపేసిన బ్యాండ్, సింగర్‌కి అరవై దాటాయి, ఇప్పుడు టికెట్ కొనడం దండగేమో అని అడిగాను కదా. వెళ్లొచ్చాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది, ఇదే టూర్‌లో ప్రేక్షకులు ఫోన్లో తీసిన వీడియోలు చూడమన్న సలహా. అఫీషియల్ క్లిప్పుల్లో గొంతుకి మెరుగులు దిద్ది ఉండొచ్చు, వీటిలో ఆ బాధ లేదు. పాత రికార్డింగ్ పక్కన పెట్టి వింటే శ్రుతి అర మెట్టు తగ్గించారని తెలిసిపోయింది. హాల్లో మాత్రం ఏ వెలితీ అనిపించలేదు. మరీ పైకెళ్లాల్సిన చోట సింగర్ మైకు జనం వైపు తిప్పేశాడు, గడుసువాడు!

బ్యాండ్‌లో పాతవాళ్లు ఎంతమంది మిగిలారన్న లెక్క అనవసరం. అమెరికా రాక్ బ్యాండ్ జర్నీ కూడా 2007లో కొత్త సింగర్‌గా ఫిలిప్పీన్స్‌కి చెందిన ఆర్నెల్ పినెడాని యూట్యూబ్‌లో చూసే తీసుకుంది. ఇక్కడా షోని నిలబెట్టింది కొత్త డ్రమ్మరే.