అన్ని సెషన్లకీ బీఎఫ్‌డీ 50 మిల్లీసెకన్లు పెట్టేయాలా?

కోర్‌లింక్:
రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్స్ ఓఎస్‌పీఎఫ్, బీజీపీ. పక్క రూటర్ పలక్కపోతే పోయిందని తేల్చడానికి మా కోర్ రూటర్లలో ఓఎస్‌పీఎఫ్‌కి 40 సెకన్లు (డెడ్ టైమర్), బీజీపీకి 180 సెకన్లు (హోల్డ్ టైమ్). మధ్యలో స్విచ్ ఉన్నచోట అవతలి రూటర్ పడిపోయినా మా పోర్టు లైటు పచ్చగానే ఉంటుంది. టైమర్ అయిపోయేదాకా ట్రాఫిక్ అంతా గోతిలోకే. అందుకే అన్ని సెషన్లకీ బీఎఫ్‌డీ (పక్క రూటర్ బతికుందో లేదో చిన్న ప్యాకెట్లతో వేగంగా కనిపెట్టే ప్రోటోకాల్) 50 మిల్లీసెకన్లకో ప్యాకెట్, మల్టిప్లయర్ 3 (వరసగా మూడు అందకపోతే డౌన్) పెట్టేయాలంటాను. 150 మిల్లీసెకన్లలో విషయం తెలిసిపోతుంది. గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ (రూటింగ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదలయ్యేదాకా పక్క రూటర్లు నైబర్‌ని తెంచకుండా ట్రాఫిక్ పంపుతూ ఉండే ఏర్పాటు) ఎలాగూ ఆన్‌లోనే ఉంది. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

రాత్రిషిఫ్ట్:
అన్నా, బీఎఫ్‌డీ, గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ రెండూ కలిపి పెట్టడం దగ్గరే నేను దెబ్బతిన్నాను. మా బాక్సులో బీఎఫ్‌డీ ప్యాకెట్లు పంపేది రూటింగ్ ప్రాసెసర్ సీపీయూనే. ఒక రాత్రి ఆ ప్రాసెసర్ ఉన్న యాక్టివ్ కార్డు చచ్చి స్టాండ్‌బై కార్డు పైకొచ్చింది. పోర్టులుండే లైన్ కార్డులు ట్రాఫిక్‌ని చక్కగా పంపుతూనే ఉన్నాయి. కానీ పక్క రూటర్‌కి వరసగా మూడు బీఎఫ్‌డీ ప్యాకెట్లు అందలేదు. దాని లాగ్‌లో ముందు బీఎఫ్‌డీ డౌన్, వెంటనే ఓఎస్‌పీఎఫ్ నైబర్ డౌన్. మేం గ్రేస్ ఎల్ఎస్ఏ (రీస్టార్ట్ అవుతున్నాం, కాస్త ఆగమని చెప్పే ఓఎస్‌పీఎఫ్ సందేశం) పంపేసరికే అంతా అయిపోయింది. బీఎఫ్‌డీ లేకపోతే ఆ 40 సెకన్లలో కొత్త కార్డు తేరుకుని నైబర్‌ని నిలబెట్టుకునేది. బాగున్న లింకుని మేమే పడగొట్టుకున్నాం.

కోర్‌లింక్:
అలాగని బీఎఫ్‌డీ తీసేసి 40 సెకన్లు చూస్తూ కూర్చోవాలా? వాయిస్ కాల్స్ ఏమైపోవాలి? కార్డు ఎప్పుడో గానీ పోదు, లింకులు తెగుతూనే ఉంటాయి.

పాతరూటర్:
కోర్‌లింక్ గారూ, తీసేయమని నేనూ అనను. బీఎఫ్‌డీ ఎక్కడ నడుస్తోందో ముందు చూడండి. సెషన్ డీటెయిల్‌లో సీ బిట్ ఉంటుంది. అది 1 అయితే బీఎఫ్‌డీ కంట్రోల్ ప్లేన్‌తో (దారులు నిర్ణయించే, రూటింగ్ ప్రాసెసర్ మీద నడిచే భాగంతో) సంబంధం లేకుండా నడుస్తోందని అర్థం. అలాంటిచోట 50 నిక్షేపంగా పెట్టండి. 0 అయితే స్విచోవర్‌కి (స్టాండ్‌బై కార్డు పైకి రావడానికి) మీ బాక్స్ ఎంతసేపు తీసుకుంటుందో ల్యాబ్‌లో కార్డు పీకి కొలవండి, డిటెక్షన్ టైమ్ (ప్యాకెట్ల మధ్య విరామం × మల్టిప్లయర్) దానికంటే ఎక్కువ ఉండాలి. ఇంకోటి, రెండు వైపుల విలువల్లో నెమ్మదైనదే అమలవుతుంది. కాబట్టి మీరొక్కరే 50 రాసుకుంటే చాలదు.

ఐబీజీపీ (మన నెట్‌వర్క్ లోపలి రూటర్ల మధ్య బీజీపీ) లూప్‌బ్యాక్ సెషన్ల మీద, అంటే ఏ ఒక్క లింకుకీ కట్టుబడని రూటర్ సొంత అడ్రస్‌ల మధ్య నడిచేవాటి మీద మాత్రం ఇంత వేగం అసలు వద్దు. లింకు తెగితే ఓఎస్‌పీఎఫ్ వేరే దారి వెతికేలోపే బీజీపీ సెషన్ పడిపోతుంది. దారి దొరికినా రూట్లన్నీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.

కోర్‌లింక్:
ఐబీజీపీ మాట నిజమే పాతరూటర్ గారూ, దాన్ని వదిలేస్తాను. ఇప్పుడే చూశాను, నాలుగు బాక్సుల్లో రెండింట్లో సీ బిట్ 0 ఉంది. వాటికి ల్యాబ్‌లో కొలిచాకే అంకె రాస్తాను. మిగతా రెండింటి మధ్య లింకులకి మాత్రం 50 నుంచి కదలను.