హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఎటు మీదుగా వెళ్తే నయం?

ఉప్పల్ అబ్బాయి:
మే నెలలో అమ్మానాన్న మొదటిసారి అక్క దగ్గరికి వెళ్తున్నారు. మ్యాప్‌లో కొలిస్తే 13,500 కి.మీ. వస్తోంది, టికెట్ సైట్లలో మాత్రం ఒకచోట 22 గంటలు, ఇంకోచోట 30. ఒకదాంట్లో అయితే ఢిల్లీలో తెల్లవారుజామున 4కి ఎక్కి అదే రోజు ఉదయం ఏడున్నరకి దిగుతారని ఉంది. నాన్న అది చూసి "మూడున్నర గంటలేనా, మరి మీ అక్క అంత దూరం అంత దూరం అంటుందేం" అంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎటు పంపమంటారు?

బే ఏరియా బావ:
మూడున్నర కాదు బాబూ, పదహారు. వేసవిలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది, నవంబరు నుంచి మార్చి దాకా పదమూడున్నర. టికెట్ మీద ఎప్పుడూ ఆ ఊరి టైమే వేస్తారు.

దూరం సంగతికొస్తే, ఢిల్లీ మనకి దాదాపు దారిలోనే ఉంది. ఇక్కణ్ణుంచి అక్కడికి 1,250, అక్కణ్ణుంచి 12,400, మొత్తం మీద నేరు దూరం కంటే ఓ వంద ఎక్కువంతే. దుబాయ్ అయితే ముందు పడమరకి 2,550 వెళ్లి అక్కణ్ణుంచి 13,000, అంటే రెండు వేలు అదనం. ఇది కాగితం మీద లెక్క. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ గగనతలం మన విమానాలకి మూసేశాక ఢిల్లీ సర్వీసులు చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని మధ్యలో ఇంధనానికి కూడా ఆగాయి. బుక్ చేసే ముందు ఆ రోజుల్లో నిజంగా ఎంత పడుతోందో చూసుకో.

గాలివాటం:
కిలోమీటర్లు పట్టుకుని కూర్చోకండి, గాలి ఎటుందో చూడండి. పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంది, చలికాలంలో ఇంకా జోరు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా పంపింది. దాదాపు 1,400 కి.మీ. ఎక్కువైనా (మొత్తం 15,300) పద్నాలుగున్నర గంటల్లో దిగేసింది! హాంకాంగ్ మీదుగా వెళ్లేటప్పుడు కలిసొచ్చేదీ ఇదే, కానీ తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై రెండు గంటలు ఎక్కువ తినేస్తుంది.

సికింద్రాబాద్ పిన్ని:
మీ లెక్కలు బానే ఉన్నాయి గానీ ఆ పెద్దావిడ మోకాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరేం? షికాగో, న్యూయార్క్ మీదుగా చవగ్గా వచ్చినా తీసుకోకు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించడం, పరుగెత్తి ఇంకో విమానం ఎక్కడం. నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే ఆ తంతు అయ్యాక బయట మీ అక్కే ఉంటుంది. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి, మొదటిది లేటైతే వాళ్లే వేరేదాంట్లో ఎక్కిస్తారు. వీల్‌చైర్ టికెట్ కొనేటప్పుడే పెట్టించు, మధ్యలో ఆగేది మూడు, నాలుగు గంటలుండేలా చూడు.

ఉప్పల్ అబ్బాయి:
థాంక్స్ పిన్నీ. దుబాయ్‌లో మూడున్నర గంటల గ్యాప్‌తో ఒకే పీఎన్‌ఆర్ దొరికింది, ఢిల్లీ కంటే ఆరు వేలు ఎక్కువ. తీసుకోనా?

సికింద్రాబాద్ పిన్ని:
తీసుకో. నడవా పక్క సీట్లు ఇప్పుడే ఎంచుకో, అమ్మ మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయాలి.