మెక్‌గ్రోరీ స్కాట్లాండ్‌కి ఆడింది 7 మ్యాచులేనా?

సెంటర్‌ఫార్వర్డ్: స్కాట్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ సెల్టిక్ ఆటగాడు జిమ్మీ మెక్‌గ్రోరీ లీగ్‌లో సగటున మ్యాచుకో గోల్ కొట్టాడు, మొత్తం 400 పైచిలుకు. 1928 జనవరిలో డన్‌ఫర్మ్‌లిన్ క్లబ్ మీద ఒక్కడే 8 కొట్టాడు. అదే ఏడాది మార్చిలో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్‌తో ఆడిన స్కాట్లాండ్ జట్టులో ఆయన పేరే లేదు. ఆ చోటు హ్యూయీ గాలహర్‌కిచ్చారు, రిఫరీని బాత్‌టబ్‌లోకి తోసి రెండు నెలలు సస్పెండైన మనిషికి! ఇది అన్యాయం కాక ఏంటి?

హాఫ్‌బ్యాక్77: 5-1తో గెలిచిన జట్టండీ అది. దాన్నెలా తప్పుపడతారు?

సెంటర్‌ఫార్వర్డ్: ఆ అయిదింట్లో గాలహర్‌ది ఒక్కటీ లేదు. జాక్సన్ 3, జేమ్స్ 2.

హాఫ్‌బ్యాక్77: గోల్ పడకపోతే ఆడనట్టేనా? 1926-27లో ఇంగ్లండ్ క్లబ్ న్యూకాసిల్‌కి కెప్టెన్‌గా లీగ్ గెలిపించాడు, 38 మ్యాచుల్లో 36 గోల్స్. మెక్‌గ్రోరీ బలం హెడింగ్, అంటే తలతో బంతి కొట్టడం. ఆ రోజు తడిసిన మైదానంలో ఆడింది నేలమీద పాసుల ఆట.

కార్నర్‌జెండా: 1933లో గ్లాస్గో హాంప్‌డెన్ స్టేడియంలో ఇంగ్లండ్‌ని 2-1తో ఓడించినప్పుడు రెండు గోల్సూ మెక్‌గ్రోరీవే.

సెంటర్‌ఫార్వర్డ్: అదీ! 7 మ్యాచుల్లో 6 గోల్స్. ఇంకేం కావాలి సెలెక్టర్లకి?

హాఫ్‌బ్యాక్77: మీకు సెలెక్టర్లే కనిపిస్తున్నారు, సెల్టిక్ చేసింది కనిపించదు. 1928లో మెక్‌గ్రోరీ ఫ్రాన్స్‌లోని లూర్ద్ తీర్థయాత్రకి వెళ్తుంటే ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ మేనేజర్ చాప్‌మన్ లండన్ స్టేషన్లోనే కలిసి మా క్లబ్బుకి రమ్మని అడిగాడు. అమ్మడానికి సెల్టిక్ రెడీ. ఈయనే వెళ్లనన్నాడు. దానికి ఫలితం? తోటివాళ్లకి వారానికి జీతం 9 పౌండ్లు, ఈయనకి 8 అని చెబుతారు.

సెంటర్‌ఫార్వర్డ్: దాన్ని క్లబ్ మీద ప్రేమంటారు. మీకర్థం కాదులెండి.

హాఫ్‌బ్యాక్77: నాకర్థం కాదా? పెళ్లికి ముందు చేరిన కంపెనీలోనే ఇప్పటికీ ఉన్నాను. నేను పని నేర్పిన కుర్రాడి జీతం నాకంటే ఎక్కువ. ప్రతి మీటింగులో 'మీలాంటి నమ్మకస్తులు' అంటారు, ఇంక్రిమెంట్ దగ్గరికొచ్చేసరికి బడ్జెట్ లేదంటారు. ఎక్కడికీ పోడని తెలిస్తే ఎవరైనా అలాగే చేస్తారు.

కార్నర్‌జెండా: టాపిక్ మారిపోయింది సార్.

హాఫ్‌బ్యాక్77: మారలేదు. మొదట్నుంచీ నేను చెప్పేది ఇదే.

సెంటర్‌ఫార్వర్డ్: మీ బాధ నిజమే, కానీ దాన్ని ఆయనకి అంటగట్టకండి. మోసపోయినవాడైతే 1945లో అదే క్లబ్బుకి మేనేజర్‌గా వచ్చి 20 ఏళ్లు ఎందుకుంటాడు?

హాఫ్‌బ్యాక్77: ఉంటారండీ. ఇంకోచోట మొదట్నుంచీ మొదలుపెట్టాలంటే భయం. దానికి ప్రేమని పేరు పెట్టకండి.

సెంటర్‌ఫార్వర్డ్: మీరు భయమని పెట్టకండి. తిరుగు ప్రయాణంలో చాప్‌మన్ మళ్లీ వచ్చి అడిగాడు. అప్పుడూ కాదనే అన్నాడు.