పిల్లులూ కుక్కలూ కురిసే వాన: ఈ కథ నిజమేనా?

పాప_అమ్మ: పాతకాలం ఇంగ్లండులో గడ్డి కప్పుల్లో కుక్కలూ పిల్లులూ పడుకునేవట, జోరువానకి జారి కిందపడేవట. అందుకే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటారని మా పాపకి టీచర్ చెప్పింది. నిజమేనా? ఇంతకీ ఇప్పుడెవరైనా వాడుతున్నారా ఈ మాట?

అమలాపురం_వాడు: తాటాకింట్లో పెరిగినవాణ్ణి. పిల్లి కప్పెక్కేది, నిజమే. నాలుగు చినుకులు పడగానే దిగొచ్చి పొయ్యి పక్కన చేరేది. కుక్క ఎలా ఎక్కిందండీ, నిచ్చెన వేసుకునా?

చూరు_నీళ్ళు: తాటాకు వేరు, అక్కడి గడ్డి వేరు. చూడకుండా మాట్లాడొద్దు.

అమలాపురం_వాడు: తమరు చూశారా?

చూరు_నీళ్ళు: ఫొటోల్లో చూశా. కప్పు బాగా మందంగా ఉంటుంది.

అమలాపురం_వాడు: ఫొటోల్లోనా! మా నాన్న కప్పు మీద కోడి గీరితేనే కర్ర తీసేవాడు. కుక్కని పడుకోనిస్తారా ఎవరైనా?

రిటైర్డ్_మాస్టారు: ముప్పై రెండేళ్ళు ఇంగ్లిష్ చెప్పాను, నన్నడగండి. గడ్డి కప్పు కథ 1999లో ఈమెయిళ్ళలో తిరిగిన పుకారు. 1653లో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలోనే కుక్కలూ పోల్‌క్యాట్లూ కురుస్తాయని ఉంది. పోల్‌క్యాట్ అంటే పిల్లి కాదు, ముంగిసలా కనిపించే జంతువు. ఇప్పటి మాట జొనాథన్ స్విఫ్ట్ 1738 పుస్తకంలో ఉంది. ఆయనే 1710లో లండన్ వాన మీద రాసిన పద్యంలో కుక్కపిల్లలు, చచ్చిన పిల్లులు మురుగులో కొట్టుకొస్తాయి.

చూరు_నీళ్ళు: అయితే ఆ మురుగే కారణం. తేలిపోయింది.

రిటైర్డ్_మాస్టారు: ఏం తేలింది? నాటకం ముందా, పద్యం ముందా? తీసివేతలు కూడా నేనే చెప్పాలా?

చూరు_నీళ్ళు: మాస్టారూ, ఇది మీ క్లాసు కాదు.

లండన్_తెలుగు: ఇక్కడికొచ్చిన కొత్తలో ఆఫీసులో గొప్పగా ఈ మాట వాడా. పక్క సీటాయన నవ్వాపుకోలేకపోయాడు. మా దగ్గర ‘పోరింగ్’, ‘బకెటింగ్ డౌన్’ అనేవాళ్ళే ఎక్కువ.

గుంటూరు_మిర్చి: బకెటింగ్ అంటే మన కుండపోతే కదా! కుంభవృష్టి అన్నా అదే కుండ. పాత్ర మారిందంతే.

లండన్_తెలుగు: వెల్ష్ వాళ్ళకైతే ముసలమ్మలూ కర్రలూ కురుస్తాయి.

అమలాపురం_వాడు: వాళ్ళూ కప్పు మీదే పడుకునేవాళ్ళేమో, చూరు_నీళ్ళు గారిని అడగండి.

పాప_అమ్మ: అయ్యా, సోమవారం పరీక్ష. పాప ఏం రాయాలి?

రిటైర్డ్_మాస్టారు: టీచర్ చెప్పిందే రాయమనమ్మా. మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి.